పదిహేడో తీర్మానం

ఒక చిన్న ప్రశ్నతో ఈ టపా మొదలుపెడతాను. మీలో చాలామంది ఏదో ఒక వృత్తి సంఘంలో సభ్యులై ఉంటారు. ఉపాధ్యాయులు, వైద్యులు, న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు, నాలాగా ఇంజనీర్లు. మీ సంఘం ఏటా ప్రభుత్వానికి సమర్పించే తీర్మానాల జాబితాలో మొదటి అంశం ఏది, ఆఖరి అంశం ఏది, ఆ వరుసను నిర్ణయించినదెవరు? ఎప్పుడైనా అడిగారా? ముప్పై అయిదేళ్ళ ఉద్యోగ జీవితంలో నేను ఒక్కసారీ అడగలేదు. పదవీ విరమణ చేశాక అడిగాను. వచ్చిన జవాబు విని ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది నీటిపారుదల శాఖలోని మురుగు కాలువల విభాగంలో. మా వాడుకలో 'డ్రైన్సు'. కాలువల వాళ్ళకు గౌరవం, ఆనకట్టల వాళ్ళకు కీర్తి, డ్రైన్సు వాళ్ళకు బురద. నీళ్ళిచ్చినవాడికి దండ వేస్తారు గాని, నీళ్ళు తీసినవాడికి వేయరు కదా! ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం - నా ఉద్యోగమంతా ఈ ముక్కోణంలోనే గడిచింది. మా సంఘం పేరు చెప్పను. చెప్పవలసిన అవసరమూ లేదు. ఈ కథలో పేరు మారిస్తే మీ సంఘానికీ సరిపోతుందని నా అనుమానం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరిని ముంచింది. ఆ వార్త దేశమంతా చూసింది. ఆ తరువాత ఆ నీరు ఎటు పోయిందో చూసినవారు తక్కువ. బుడమేరు కొల్లేటిలోకి వస్తుంది. తమ్మిలేరూ అక్కడికే వస్తుంది. విజయవాడలో వీధులు కడుక్కుంటున్న రోజుల్లో మా కొల్లేటి లంక గ్రామాల దారులు నీళ్ళకింద ఉన్నాయి. పడవ వస్తే గాని పాలు లేవు, మందులు లేవు.

ఆ ఏడాది చివరలో మా సంఘం వార్షిక సమావేశం ఏలూరులో ఒక కల్యాణ మండపంలో జరిగింది. తాడేపల్లిగూడెంలో రైలెక్కి, కైకరం, పూళ్ళ, భీమడోలు మీదుగా వెళుతూ, ఈసారి మనవాళ్ళు కొల్లేటి మాట మాట్లాడక తప్పదని అనుకున్నాను. నీళ్ళ గురించి తెలిసినవాళ్ళు మూడు వందల మంది ఒకచోట కూడుతున్నారు. వరద వచ్చి ఇంకా నాలుగు నెలలు కాలేదు. ఇంతకంటే ఏం కావాలి?

తీర్మానాల కాగితం చేతికిచ్చారు. మొత్తం పదిహేడు అంశాలు. ఒకటి, వేతన సవరణ. రెండు, కరవు భత్యం బకాయిలు. మూడు, పదోన్నతుల్లో జాప్యం. నాలుగు, వాహన సౌకర్యం. అలా వెళ్ళగా వెళ్ళగా పదిహేడోది: 'కొల్లేరు పరీవాహక ప్రాంతంలోని మురుగు కాలువల నిర్వహణకు తగిన నిధులు కేటాయించవలసినదిగా ప్రభుత్వాన్ని సవినయంగా కోరడమైనది.' ఒక్క వాక్యం. కాలువ పేరు లేదు, కొలత లేదు, ఎంత పూడిందో లేదు. 'తగిన' అన్న విశేషణం ఒక్కటే ఆ వాక్యంలోని మొత్తం సాంకేతిక పరిజ్ఞానం.

పదహారో అంశం చప్పట్లతో ఆమోదం పొందేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. వేదిక మీది పెద్దమనిషి గడియారం చూసుకుని, "భోజనాలు చల్లారిపోతున్నాయండి. మిగిలింది ఆమోదించినట్టే అనుకుందామండి" అన్నారు. అందరం లేచాం. నేను కూడా లేచాను. ఆ మాట ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

భోజనాల దగ్గర కార్యవర్గంలోని ఒక మిత్రుణ్ణి పట్టుకుని అడిగాను, ఈ వరుస ఎవరు వేశారండీ అని. ఆయన దాపరికం లేని మనిషి. "వరుసేమిటండీ బాబూ! నిన్న రాత్రి ముగ్గురం లాడ్జి గదిలో కూర్చుని పోయినేడాది ఫైలు తీశాం. సంవత్సరం మార్చాం. వరద వచ్చింది కదాని కొల్లేటిది ఒకటి చివర చేర్చాం" అన్నారు. కాగితం మళ్ళీ చూశాను. తొమ్మిదో అంశంలో సంవత్సరం మార్చడం కూడా మరిచిపోయారు. అక్కడ ఇంకా 2019 అనే ఉంది. అంటే ఆ అంశాన్ని అయిదేళ్ళపాటు ఎవరూ చదవకుండానే ఏటా ఆమోదించాం!

జీతం అడగడం పాపమని నేననను. జీతం మీద బతికినవాణ్ణి, పింఛను మీద బతుకుతున్నవాణ్ణి. ఖాళీలు నింపకుండా ఒక్క ఇంజనీరు చేత నలుగురి పని చేయిస్తే కాలువ గట్టు కూడా నిలవదు. కాబట్టి ఆ పదహారు అంశాలూ న్యాయమైనవే కావచ్చు. నా తగాదా వేరు. అవి మన కోర్కెలు. ప్రజావిధానం మీద ఒక వృత్తి చెప్పవలసిన మాట అది కాదు. రెండింటినీ ఒకే కాగితం మీద, ఒకే అంకెల వరుసలో వేస్తే ఏది పైకి తేలుతుందో, ఏది అడుక్కి పోతుందో చెప్పడానికి ఇంజనీరింగు చదవక్కరలేదు.

వృత్తి సంఘం తన ప్రాధాన్యాలను నిర్ణయించుకోవడానికి నాకు తోచిన కొలబద్ద ఒక్కటే. మనం చెప్పకపోతే మరెవ్వరూ చెప్పలేని మాట ఏది? అది మొదటి అంశం. వేతన సవరణ గురించి చెప్పడానికి రాష్ట్రంలో ఉద్యోగ సంఘాలకు కొదవ లేదు. కొల్లేటి నీటిమట్టం గురించి అంకెలతో చెప్పగలిగినవాళ్ళు ఎందరున్నారు?

ఆ మాట ఏమిటో క్లుప్తంగా చెబుతాను, డ్రైన్సు వాడి భాషలో.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం. పైనుంచి ఏరులూ వాగులూ, రెండు డెల్టాల మురుగు కాలువలూ అందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరుగుతూ సముద్రంలో కలుస్తుంది. వాలు బహు తక్కువ. సముద్రం పోటుమీద ఉంటే నీరు దిగదు. వేసవిలో సరస్సులో మట్టం పడిపోతే ఉప్పునీరు వెనక్కి ఎగదన్నుతుంది. దానికి తోడు గుర్రపుడెక్క, వలకట్లు, పూడిక. ఇక సరస్సు గర్భంలో చేపల చెరువులకు గట్లు వేస్తే, వరదనీరు పరుచుకోవలసిన చోటు తగ్గుతుంది. చోటు తగ్గితే మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగితే పైనున్న డ్రైన్లు ఎగతన్ని, సరస్సుకు ఎంతో దూరంలో ఉన్న వరిచేలు కూడా మునుగుతాయి. రైతు వానను తిట్టుకుంటాడు. వాన తప్పు కొంతే.

ఇందులో రహస్యమేమీ లేదు. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువుగట్లను పేల్చారు, పొక్లెయిన్లతో కొట్టేశారు. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్రం అజీజ్ గారి అధ్యక్షతన నిపుణుల సంఘాన్ని వేసింది. ఇన్ని మలుపుల్లో పక్షుల పక్షాన మాట్లాడినవారున్నారు, చెరువుల యజమానుల పక్షాన ఉన్నారు, మత్స్యకారుల పక్షాన ఉన్నారు. అందరికీ గొంతులున్నాయి. ఫలానా కాంటూరు దాకా గట్లు వేస్తే ఫలానా వానకు ఫలానా ఊళ్ళో మోకాలి లోతు నీరు నిలుస్తుందని లెక్కగట్టి ప్రజలకు చెప్పవలసిన గొంతు ఒక్కటే వినబడలేదు. ఆ గొంతు మాది. మేం వేతన సవరణ అడుగుతున్నాం.

తాడేపల్లిగూడెం వైపు కూడా కథ ఇదే. ఎర్రకాలువ పొంగితే నందమూరు అక్విడెక్టు చుట్టుపక్కల చేలు చెరువులవుతాయి. ఆ నీరు యనమదుర్రు డ్రైను పట్టుకుని దిగువకు పోవాలి. ఆ డ్రైనుకు ఇరవై ఏళ్ళ కిందట ఉన్న వెడల్పెంత, ఇప్పుడున్నదెంత, కొలత పుస్తకాల్లో ఉంటుంది. కొలిచినవాళ్ళం మేమే. దాన్ని తీర్మానంలో రాయలేదు.

ఏలూరు సంగతి చెప్పనా? 2020 డిసెంబరు మొదటివారంలో ఆ ఊళ్ళో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. ఎయిమ్స్ వారు రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తరువాత వచ్చిన పరిశోధన సంస్థలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించాయి. గోదావరి నుంచీ కృష్ణ నుంచీ వచ్చే కాలువలు కలిసే ఊరది. ఆ కాలువల్లో, డ్రైన్లలో నీటిని ఏటా ఎక్కడెక్కడ పరీక్షించాలో చెప్పగలిగినవాళ్ళం మేము. ఆ మరుసటి ఏడాది మా తీర్మానాల్లో నీటి పరీక్షల ఊసే లేదు. నా దగ్గర ఆ కాగితం ఇంకా ఉంది.

ఎందుకిలా జరుగుతుంది? సంఘంలో చెడ్డవాళ్ళున్నారనుకుంటే మనసుకు తేలిక. కాని అది నిజం కాదు. నాకు కనిపించిన కారణాలు నాలుగు.

మొదటిది, ఫైలు. పోయినేడాది కాగితమే ఈ ఏడాది కాగితానికి తల్లి. కొత్త అంశం రావాలంటే ఎవరో ఒకరు పని చేయాలి, పాత అంశం ఉండడానికి ఎవరూ ఏమీ చేయక్కరలేదు.

రెండోది, ముఖ్య అతిథి. సమావేశానికి మంత్రిగారినో ఎమ్మెల్యేగారినో పిలవాలి, ఆయన చేత డైరీ ఆవిష్కరించాలి. ఆయన ఎదుట ఆయనకు ఇబ్బంది కలిగించే మాట ఎలా చదువుతాం? వేతన సవరణ ఎవరికీ ఇబ్బంది కాదు. నవ్వుతూ 'పరిశీలిస్తాం' అనవచ్చు. చెరువుగట్టు పేరెత్తితే ఆ నవ్వు ఉండదు. అతిథి మర్యాద మన ప్రాధాన్యాలను రాస్తోందన్నమాట.

మూడోది, ప్రవర్తనా నియమావళి. ప్రభుత్వోద్యోగి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించరాదని 1964 నాటి నిబంధనలున్నాయి. నిజమే. అయితే తన కొలత పుస్తకంలోని అంకెను తన సంఘం ద్వారా తన ప్రభుత్వానికే నివేదించడం విమర్శ ఎలా అవుతుంది? పదవీ విరమణ చేసిన సభ్యులు పదుల సంఖ్యలో ఉన్నారు కదా, వారి నోటికి తాళమెవరు వేశారు? ఆ నిబంధన మనకు గోడ కాదు, చాటు.

నాలుగోది చెప్పడానికే ఈ టపా. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైందని మనకో సామెత ఉంది. కొల్లేటి విషయంలో దీనికంటే సరైన సామెత లేదు. ఈ ప్రాంతంలో పుట్టి ఈ ప్రాంతంలో ఉద్యోగం చేసిన మాలో, తనకో, బావమరిదికో, వియ్యంకుడికో చెరువు గట్టున ఒక వాటా లేనివాళ్ళు ఎందరు?

వేలు ఇతరులవైపు చూపించే ముందు నా సంగతి చెప్పాలి. కైకలూరు దగ్గర మా నాన్నగారికి మూడెకరాల జిరాయితీ పల్లం ఉండేది. అయిదో కాంటూరు లోపల. ఒక పంట పండితే రెండు పంటలు మునిగే నేల. 1990లలో అందరితోపాటు దాన్ని చేపల చెరువుకు కౌలుకిచ్చాం. ఎన్నడూ చూడని డబ్బు ఇంటికొచ్చింది. మా చెల్లెలి పెళ్ళి ఆ డబ్బుతోనే జరిగింది. 2006లో ఆ గట్టును కొట్టేశారు. మా నాన్నగారు వరండాలో కూర్చుని మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. అటు శాఖలో నేను, ఇటు ఇంట్లో ఆయన. ఎవరికి ఏం చెప్పను?

2008లో శాసనసభ తీర్మానం తరువాత మా వార్షిక సమావేశంలో ఒక యువ ఇంజనీరు లేచాడు. "మూడో కాంటూరుకు కుదిస్తే వరదమట్టం ఏమవుతుందో మన సంఘం ఒక సాంకేతిక నివేదిక ఇస్తే బావుంటుందండి. అటూ ఇటూ కాదు, లెక్క మాత్రం ఇద్దాం" అన్నాడు. సభలో కొంత కదలిక వచ్చింది. అప్పుడు వెనక వరుసలోంచి లేచి, "అది రాజకీయ విషయం బాబూ, మనకెందుకు" అన్నది నేనే. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ కుర్రవాడు కూర్చున్నాడు. కుదిస్తే మా మూడెకరాలు బయటపడతాయన్న ఆశ నా మనసులో ఉందని ఆ సభలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

ఆ లెక్క నాకు చేతనయి ఉండేది. నేను చేయలేదు, మరొకరిని చేయనివ్వలేదు. పదహారేళ్ళ తరువాత 'భోజనాలు చల్లారిపోతున్నాయండి' అన్న మాట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. రైల్లో తిరిగి వస్తుంటే ఆ కోపం ఎవరిమీదో అర్థమయింది.

ఈ జాడ్యం మనకే ప్రత్యేకమనుకోనక్కరలేదు. పొగతాగడం ప్రాణాంతకమని 1962లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తన నివేదికలో తేల్చి చెప్పింది. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక అదే చెప్పింది. అదే ఏడాది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పొగాకు కంపెనీల నుంచి పరిశోధన పేరిట కోటి డాలర్లు స్వీకరించింది. ఒకే వృత్తి, ఒకే విషయం, రెండు సంఘాలు. ఒకటి తనకు తెలిసినది చెప్పింది, ఇంకొకటి 'ఇంకా పరిశోధన జరగాలి' అని ఆగింది. వాళ్ళ రొయ్యల బుట్ట అది.

వేరే దారి ఉందనడానికీ ఉదాహరణలున్నాయి. 1852లో ఏర్పడిన అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ 1998 నుంచి దేశంలోని రోడ్లకు, వంతెనలకు, ఆనకట్టలకు, తాగునీటికి బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డులాగా మార్కులు వేసి ప్రచురిస్తోంది. 2021లో మొత్తం మీద సి మైనస్, 2025లో సి. సామర్థ్యం, ప్రస్తుత స్థితి, నిధులు, నిర్వహణ, ప్రజాభద్రత వంటి కొలమానాలు ముందే ప్రకటించి మార్కులు వేస్తారు. తక్కువ మార్కులు వేస్తే ఇంజనీర్లకే పని దొరుకుతుంది కాబట్టి ఇందులో స్వార్థముందని అక్కడివాళ్ళు విమర్శిస్తారు. ఆ విమర్శ సబబే. అయినా ఆ కార్డు పట్టుకుని ఒక సామాన్యుడు తన ఊరి ఆనకట్ట గురించి అడగగలడు. మా పదిహేడో తీర్మానం పట్టుకుని ఎవరు ఏం అడగగలరు?

అమెరికా ఎందుకు, మన గడ్డమీద చూడండి. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు, అయ్యంకి వెంకటరమణయ్య గారు వెనకుండి నడిపిన మనిషి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడ పుట్టింది. ఊరూరా జనానికి చదువుకునే చోటు ఉండాలన్నది వారి మొదటి మాట. ఆ ఉద్యమం పట్టు వదలకుండా సాగింది, 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది. గ్రంథపాలకుల ఉద్యోగాలు ఆ చట్టం వెనుక వచ్చాయి. ముందు జనం అవసరం, దాని వెంట మన అవసరం. మేం ఈ వరుసను తిరగేసి కూర్చున్నాం.

మా శాఖలో కాటన్ దొర బొమ్మ లేని కార్యాలయం ఉండదు. ఆయన జయంతికి దండలు వేస్తాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కూడా ఆయన ఊరుకోలేదు. ఈ దేశానికి రైళ్ళకంటే ముందు కాలువలు కావాలని పై అధికారులతో వాదించాడు, 1878లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం ముందు నిలబడి కూడా అదే చెప్పాడు. ఆయన చెప్పినదంతా ఒప్పని కాదు. తనకు తెలిసినదాన్ని చెప్పడం తన ఉద్యోగంలో భాగమనుకున్నాడు. ఆయన బొమ్మ కింద కూర్చుని 'మనకెందుకు' అనడం నాకిప్పుడు సిగ్గుగా ఉంది.

తిట్టి ఊరుకుంటే లాభం లేదు కాబట్టి, చేయవలసినవి చెబుతాను. కోర్కెలకు ఒక కాగితం, ప్రజావిధానానికి వేరొక కాగితం ఉండాలి. రెండో కాగితంలో మూడు అంశాలకు మించి వద్దు. ప్రతి శాఖ నెలరోజుల ముందు తన ప్రాంతం నుంచి ఒకే ఒక్క సమస్యను, కొలతలతో సహా పంపాలి. వచ్చినవన్నీ సభ్యులందరికీ పంచి, వరుసను ఓటుతో తేల్చాలి. లాడ్జి గదిలో కాదు. ఆ చర్చ పొద్దున్నే, ముఖ్య అతిథి రాకముందే జరగాలి. కిందటేటి తీర్మానానికి ఏ గతి పట్టిందో ముందు చదివాకే కొత్తది చేపట్టాలి. ఇక ఆఖరిది, అన్నిటికంటే కష్టమైనది: ఆ విషయంలో సొంత లాభనష్టాలున్న సభ్యుడు లేచి అది చెప్పుకున్నాకే మాట్లాడాలి. అతని మాట వినవద్దని కాదు. గట్టు తెగినవాడి బాధ కూడా లెక్కలోకి రావాలి. జిరాయితీ రైతుకు పరిహారం ఇవ్వకుండా సరస్సును బాగుచేస్తామనడం న్యాయం కాదని నేను ఇప్పటికీ అంటాను. అయితే ఆ మాట అనేముందు, నాకు అక్కడ మూడెకరాలున్నాయని చెప్పి అంటాను.

ఈ సూచనలన్నీ రాసి మా కార్యవర్గానికి పంపాను. రసీదు తీసుకున్నాను. దానితోపాటు నేను పనిచేసిన కాలంలో నాకు తెలిసిన డ్రైన్ల కొలతలు, ఎక్కడ గట్టు జారింది, ఎక్కడ వలకట్టు శాశ్వతంగా పాతుకుపోయింది, నాలుగు పేజీల్లో జతపరిచాను. వచ్చే సమావేశంలో 2008లో నేనన్న మాటను నేనే చదివి వెనక్కి తీసుకుంటానని కూడా రాశాను. ఆనాటి కుర్రవాడు ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ లెక్క నేను అప్పుడే మొదలుపెట్టానండి. సగంలో ఆపేశాను. కాగితాలు ఎక్కడో ఉండాలి, వెతుకుతాను" అన్నాడు.

మిత్రులారా, మీ సంఘాల్లో పదిహేడో అంశం ఏమిటి? దాన్ని అక్కడికి నెట్టినదెవరు? ఈసారి కాగితం చేతికిచ్చినప్పుడు కింది నుంచి పైకి చదివి చూడండి. వచ్చి ఇక్కడ చెప్పండి. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, అందుకు తగిన కారణం పైన నేనే ఇచ్చాను.